అయ్యూబ్ రాసే తారీఖే ఖాయం

బోధన్ రాకాసిపేటలో ఉంటున్న, కీర్తిశేషులు ఆత్మారాం గారి కూతురు, చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన శ్యామలమ్మ అను నేను, డెబ్బై మూడేళ్ళ వయసున, స్థిరచిత్తముతో, ఎవరి బలవంతమూ లేక, ఇందుమూలముగా రాయించుకొను వీలునామా. మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి.

1. సదరు ఇల్లు, వెనక జామచెట్టుతో సహా, తమ్ముడి కూతురు సవితకు చెందును. పైకొమ్మల కాయలు చిలకలవి.

2. తమ్ముడు రవీందర్‌కు గోడమీది ప్రపంచ పటం. నేను ప్రాచీన సుమేరు చరిత్ర పట్టుకున్న ఈ పన్నెండేళ్ళుగా "అక్కా, గా సుమేరు మన పక్కూరు రెంజల్ అవతలనా?" అని నలుగురిలో నన్ను ఆటపట్టించాడు. ఇరాక్ దక్షిణాన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను, చూసుకోవాలి. ఈ వీలునామా అమలు బాధ్యతా వాడిదే.

3. కంప్యూటరు, పన్నెండు నోటుపుస్తకాలు సవితకే. మట్టి పలకల మీది సుమేరు రాతలు ఇప్పుడు ఇంటర్నెట్ డేటాబేసుల్లో ఉన్నాయి. ఏ మాట ఏ కాలపు పలకల్లో ఉందో వెతికితే దొరుకుతుంది. అలా వెతికే, కాలువ తవ్వేవాళ్ళ పాట ఒకటి నాలుగున్నర వేల ఏళ్ళనాటిదని తేల్చాను. నేను వెతికిన మాటలన్నీ అంత పాతవి మరి. పక్కింట్లో ఉండే దస్తావేజు లేఖరి అయ్యూబ్ మాత్రం "కొత్తోడు గూడ పాత మాటలే రాస్తడక్కా" అన్నాడు. నాకే పాఠమా అని రెండేళ్ళు మాట్లాడలేదు. రంజాన్‌కు పంపిన షీర్‌ఖుర్మా మాత్రం తిన్నాను.

4. పోయిన నెల ఈ వీలునామా ముసాయిదా అయ్యూబే తన ఇంట్లో రాసి చదివాడు. "స్థిరచిత్తముతో", "సదరు", "ఇందుమూలముగా"! ఈ భాష ఎవరు మాట్లాడుతున్నారయ్యా అని పడీపడీ నవ్వాను. ఆయన తలెత్తకుండా, "మా ఉస్తాద్ గిట్లనే రాసిండు, ఆయన ఉస్తాద్ గూడ గిట్లనే రాసిండు. గీ మాటలు సూసి తారీఖు కడితే, నేను పుట్టకముందే నువ్వు పోయినట్టు" అన్నాడు. నా నవ్వు ఆగింది. ఆ పాత మాటల నడుమ నా ఆధార్ నంబరు కూడా ఉంది. వెంటనే ఇంటికొచ్చి, పాటలో ఆధార్ లాంటి కొత్త మాట కోసం వెతికాను. దొరికింది! కాలువ పనికి పెద్దగా ఉండే అధికారి హోదా పేరు. డేటాబేసులో అది నేను కట్టిన కాలానికి ఐదువందల ఏళ్ళ తర్వాతి పలకల్లోనే ఉంది, అంటే పాట నాలుగువేల ఏళ్ళనాటిదే. ఎవరో మధ్యలో చేర్చారనడానికీ లేదు, పల్లవిలోనే ఉంది. తప్పని తేలినందుకు ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

5. తప్పు తారీఖు కింద నా పేరు మిగిలిపోవడం నాకిష్టం లేదు. పదకొండు పుస్తకాల్లో నేనే దిద్దాను. పన్నెండోదాంట్లో దిద్దడం అయ్యూబ్‌కు వదిలాను. నేను పోయాక, నా మంచి పెన్నుతో, సరైన కాలం ఆయన చేత్తోనే రాయాలి. నేనుండగా రాస్తే పక్కన నిలబడి వంకలు పెడతాను. పెన్ను ఆయనే ఉంచుకోవాలి.

దీని భాష చూసి ఎవరైనా నిజాం కాలం నాటిదంటే నమ్మవద్దు.

తేదీ: 17 ఫిబ్రవరి 2025, బోధన్.

(సంతకం) శ్యామలమ్మ

సాక్షులు: హస్సాన్, హన్మవ్వ

రాసినది: అయ్యూబ్, దస్తావేజు లేఖరి. అక్క చెప్పినట్టే రాసిన. పన్నెండో పుస్తకం మాత్రం రేపే, అక్క ముంగటనే రాస్త. వంకలు పెట్టనీ.