రేవతక్క పొంగల్

మంగళవారం, పెరంబూరు

పొద్దున రేవతక్క టిఫిన్ డబ్బా మూత మీద నెయ్యి మరక చూసి, మళ్లీ పొంగలే అనుకున్నాను. ఆఫీసులో కొత్త కోడ్ బ్రాంచీకి, అంటే ప్రోగ్రామ్‌లో ఎవరికి వాళ్లు విడిగా పని చేసుకునే ప్రతికి, ఆనాటి టిఫిన్ పేరు పెట్టడం మా ఇద్దరి అలవాటు. మధ్యాహ్నం బ్రౌజర్‌లో నా పాత బ్రాంచీలు తీసేస్తూ, నాదే అనుకుని అక్క 'పొంగల్'ను కూడా తీసేశాను. అది ఆమె రెండు వారాల పని.

"నా పొంగల్ ఏడ పాపా? ఎవురు తినేసినారు?" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు.

చప్పుడు చేయకుండా రీస్టోర్ నొక్కాను. తిరిగి వచ్చింది.

"ఈడనే ఉంది కదక్కా, సరిగా చూడండి" అన్నాను.

"అవునే. ఇందాక నాకు కనపడలా" అంటూ స్క్రీన్‌కు బాగా దగ్గరగా వంగింది. ఇంటికి బయలుదేరేదాకా ఆ మాటే అంటూ ఉంది.

రేపు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో...

రేవతక్కకు పోయిన నెలే కంటి ఆపరేషన్ అయింది.