అత్తయ్య పక్క సీటు

ఈ ఉదయం మా వీధి మలుపులోని గోడకు కొత్త పోస్టరు అంటించారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఒక మూల సరిగ్గా అంటుకోక ముడుచుకుపోతే, కింద పాత పోస్టరులోని ఎవరిదో కన్ను కనిపించింది. లైట్‌హౌస్ సినిమా మూడో భాగం, వచ్చే వారం శుక్రవారం విడుదల. పోస్టరులో మనుషులెవరూ లేరు. మూసి ఉన్న తలుపు ఒక్కటే ఉంది. ఈ సంగతి అత్తయ్యకు ఇంకా తెలియదు. ఈసారి చెప్పే పని తమ్ముడిది.

చిన్నపిల్లల లైబ్రరీలో సహాయకురాలిగా పనిచేస్తూ, ఇంట్లో గుసగుస అని పిలవబడే నేను, రేపు గొంతుకు ఆపరేషన్ జరగనున్నందున, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉంది. నిన్న లైబ్రరీకి తిరిగొచ్చిన పుస్తకాలన్నిటినీ వాటి వాటి అరల్లోనే పెట్టాను. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాస్తానంటే అత్తయ్య నవ్వింది. "ముప్ఫై కూడా నిండలేదు, నీకు వీలునామా ఏమిటే! ఏమున్నాయని నీకు, నాలుగు పుస్తకాలూ ఆ నీలం స్వెట్టరూ?" అంది. నవ్వి, రాయడానికి కాగితాలు తనే వెతికి ఇచ్చింది.

అత్తయ్య అంటే మా నాన్న అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. అమ్మ పోయాక అక్కనూ నన్నూ తమ్ముణ్ణీ పెంచింది. తర్వాత షుగరు జబ్బు ఆమె చూపు తీసేసింది. అప్పటినుంచి సినిమాహాల్లో ఆమె పక్కన కూర్చుని, తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెబుతూ వచ్చింది నేను. కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పిన విద్యలన్నిటిలోకీ నాకు బాగా వచ్చింది చిన్నగా మాట్లాడటం. బయట ఎవరైనా టైమెంతని అడిగితే నాకు మాట పెగలదు. హాల్లో దీపాలు ఆరితే మాత్రం ఆగకుండా మాట్లాడతాను.

నా గొంతులో గడ్డను ముందుగా పట్టుకున్నదీ అత్తయ్యే. ఒక ఇంటర్వెల్‌లో ఉన్నట్టుండి, "గుసగుసా, నీ గొంతులో ఏదో అడ్డం పడుతోందే. లైను శుభ్రంగా లేదు" అంది. డాక్టరు గారు తర్వాత స్కానింగు ఫిల్ము పెట్టి చూపించారు. గడ్డకు ఆనుకునే మాట నరం ఉందట. ప్రాణానికి పెద్దగా భయపడొద్దని, గొంతు సంగతి మాత్రం తెరిచి చూస్తే తప్ప చెప్పలేనని అన్నారు. రెండిటికీ కలిపి ఈ ఏర్పాట్లు.

1. నా పుస్తకాలన్నీ, నీలం స్వెట్టరుతో సహా, నా తదనంతరం అక్కకు చెందాలి. ఆమె ముందుగా చివరి పేజీ తెరుస్తుందని నాకు తెలుసు. నేను స్నానం చేస్తుంటే బాత్‌రూం తలుపు అవతల నిలబడి, ఏడాదిగా ఎదురుచూస్తున్న సినిమాలో హంతకుడు ఎవరో చెప్పిన మనిషి ఆమె. పైగా "చూడబోయేదేగా, చెబితే ఏం కొంప మునిగిందే!" అంది. నేను ఇంతవరకూ క్షమించలేదు. ఇప్పుడు కూడా క్షమించడం లేదు. స్వెట్టరు మాత్రం ఆమెకు నప్పుతుంది.

2. మా హాల్లో సీట్లు చూపించే టార్చి మనిషికి నా స్టీలు ఫ్లాస్కు. మొదటిసారి నేను చెవిలో చెబుతుంటే ఆయన మా ముఖాల మీద వెలుగు వేసి, "అమ్మాయ్, కబుర్లుంటే బయట" అన్నారు. నేను కుర్చీలో కుంచించుకుపోయాను. అత్తయ్య మాత్రం, "బాబూ, టార్చి నా ముఖం మీద వేస్తే నూనె దండగ. నాకున్న టార్చి ఈ పిల్లే" అంది. ఆయన టార్చికి నూనె ఉండదని కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. మరుసటి సినిమాకి మాకు గోడ పక్క రెండు సీట్లు ఆపి ఉంచారు. అక్కడైతే నా మాటలు ఇంకెవరికీ వినిపించవు. అప్పటినుంచీ అవే మా సీట్లు. ఈ పత్రానికి సాక్షి సంతకం చేస్తానని ఆయన ముచ్చటపడ్డారు. వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షిగా ఉండకూడదని చెబితే, కాసేపు ఆలోచించి ఫ్లాస్కే కావాలన్నారు.

3. నాన్నకు ఏమీ రాయడం లేదు. మరిచిపోయి కాదు. ఆయన కొత్త సంసారం బాగుండాలి.

4. రాబోయే సినిమాల ఏర్పాటు. సినిమా చూడటం ఒక పూట పని. ఎదురుచూడటం ఏడాది పొడవునా ఉంటుంది. మా ఇంట్లో ఎక్కువ సంతోషం రెండోదాని వల్లే కలిగింది. కనుక దీన్ని ఆస్తిగా లెక్కగట్టి పంచుతున్నాను. పిల్లల కోసం రాబోతున్న కాకి బొమ్మల సినిమాకి అత్తయ్యను అక్క తీసుకువెళ్ళాలి. చూసివచ్చాక రెండు రోజులపాటు ఎవరికీ కథ చెప్పకూడదు. ఇద్దరు పోస్టుమేన్ల హాస్య చిత్రం ఇప్పటికి చాలాసార్లు వాయిదా పడింది. మళ్ళీ పడినా ఈ వీలునామా చెల్లుతుంది. లైట్‌హౌస్ మూడో భాగం గురించి కింద విడిగా రాస్తున్నాను.

ట్రైలర్లు అత్తయ్యకు వినిపించవద్దు. "వంట కాకముందే గరిటె పెట్టి ఎంగిలి చెయ్యడం అది" అంటుంది. ఆమెకు కావలసింది పోస్టరు వర్ణన, నటీనటుల గొంతులు ఎలా ఉంటాయో కొంచెం. మిగతాది ఆమె చూసుకుంటుంది. చూపు పోయాక వచ్చిన నటుల ముఖాలు ఆమెకు తెలియవు. అందుకని సినిమా ప్రకటించిన రోజే తెలిసిన ముఖాలు తీసి వాళ్ళకు తొడుగుతుంది. లైట్‌హౌస్ కాపలా పెద్దాయనకు తన ఎక్స్ఛేంజి సూపరింటెండెంటు ముఖం ఇచ్చింది. సముద్రంలో పడవతో సహా కనిపించకుండా పోయిన ఆయన భార్యకు ఎవరి ముఖం ఇచ్చిందో నాకు చెప్పలేదు. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన చిన్నకొడుకుకు మా తమ్ముడి ముఖం ఇచ్చింది. అదీ వాడి స్కూలు రోజుల ముఖం, ముందు పన్ను కొంచెం విరిగినది. ఆమె చివరిగా చూసిన తమ్ముడు వాడే. ఇప్పుడు వాడికి గడ్డం ఉందని, బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి వాడి చేతులు నల్లబడ్డాయని ఆమెకు తెలుసు. తెలిసినా, సినిమాలో మాత్రం ఆ ముఖమే ఉంచుకుంది.

5. రెండో భాగం ముగింపులో తుఫాను. లైట్‌హౌస్ తలుపు ఎవరో తట్టారు. పెద్దాయన దీపం పట్టుకుని లేచి నిలబడ్డాడు. అంతే, తెర చీకటైంది. హాలంతా "ఓయ్!" అని అరిచింది. అత్తయ్య అరవలేదు. తట్టిన తీరు విని, "చిన్నవాడేనే. కుర్రాళ్ళు తట్టే తట్టు అది, తీసేదాకా ఆగలేరు" అని తేల్చేసింది. అప్పటినుంచి మూడో భాగం కోసం ఎదురుచూస్తోంది. ఆ తలుపు తెరుచుకునేటప్పుడు ఆమె పక్కన ఎవరు ఉండాలన్నదే నాకున్న అసలు చింత. ఆ ఒక్కటీ తేలితే, రేపు మత్తు ఇచ్చేటప్పుడు నేను కుదురుగా పడుకోగలను.

అందుచేత, గోడ పక్క రెండు సీట్లలో నాదైన సీటును, దానితోపాటు చెప్పే బాధ్యతను, నా తమ్ముడికి పూర్తి హక్కులతో దఖలు పరుస్తున్నాను.

వాడికి ఈ పని రాదని నాకు తెలుసు. నాకు జ్వరం వచ్చినప్పుడు ఒకసారి వెళ్ళాడు. "వచ్చాడు. కొట్టాడు. పోయాడు" అని చెప్పాడట. అత్తయ్య హాలంతా వినబడేలా, "ఒరేయ్, టెలిగ్రాం కొడుతున్నావా? మాటకింతని వసూలు చేస్తున్నారా నీ దగ్గర?" అందట. ముందు వరుసలో వాళ్ళు కూడా నవ్వారట. వాడు ఇంటికొచ్చి, "ఇంకెప్పుడూ నేను వెళ్ళను" అన్నాడు. అక్క చక్కగా చెబుతుంది, కానీ జరగకముందే చెబుతుంది. నేర్చుకుంటే పోయేది తమ్ముడి లోపం. అయినా వాడికే ఇవ్వడానికి కారణం అది కాదు. తలుపు దగ్గర ఎవరున్నా, ఆ కబురు ఆమె చెవిలో వేసే గొంతు వాడిదై ఉండాలని నా కోరిక.

6. తమ్ముడూ, ఇది నీకు. వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నువ్వు మాట్లాడకు. వాళ్ళు ఆగినప్పుడు చెప్పు. చప్పుడు చెప్పేసినది నువ్వు మళ్ళీ చెప్పకు. గ్లాసు పగిలింది అనక్కర్లేదు, ఎవరి చేతిలోంచి జారిందో చెప్పు. రంగులు చెప్పు. అత్తయ్యకు రంగులు బాగా గుర్తున్నాయి, "ఎరుపు" అంటే ఊరుకోదు, ఏ ఎరుపని అడుగుతుంది. ముఖంలో మార్పు వస్తే పేరు పెట్టకు. బాధపడ్డాడు అనకు, కింద పెదవి లోపలికి లాక్కున్నాడు అని చెప్పు. బాధో కాదో ఆమె చూసుకుంటుంది. నీకు నచ్చిందో లేదో ఇంటర్వెల్ దాకా దాచుకో. ఏడుపొస్తే ఆగి ఏడువు, ఆమె కూడా అదే పనిలో ఉంటుంది. అబద్ధం చెప్పకు. తలుపు తెరిచాక అక్కడ చిన్నకొడుకు లేకపోతే, లేడనే చెప్పు. ఆమె నిన్ను తిడుతుంది. తిట్టనీ.

7. నేను ఆపరేషన్ నుంచి బయటపడి, గొంతు మాత్రం తిరిగి రాకపోతే, ఐదో అంశం ఉన్నది ఉన్నట్టే అమలు కావాలి. నా మీద జాలిపడి సీటు వెనక్కి ఇవ్వకూడదు. నేను అత్తయ్యకు రెండో పక్కన, మూడో సీటు తీసుకుని కూర్చుంటాను. తమ్ముడు తప్పు చెబితే అత్తయ్య చెయ్యి నొక్కుతాను. బాగా చెబితే నొక్కను. నేను బయటపడకపోతే ఆ మూడో సీటులో అక్క కూర్చోవచ్చు, నోట్లో ఏదైనా నములుతూ. సినిమా చూసొచ్చి నా ఫొటో ముందు నిలబడి ముగింపు చెప్పే పని మాత్రం ఆమె పెట్టుకోకూడదు.

8. చివరిగా, నా ఊహ ఒకటి ఉంది. దీన్ని అత్తయ్యకు రాసి ఇస్తున్నాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తలుపు తట్టింది చిన్నకొడుకు కాదని నాకు అనిపిస్తుంది. కిటికీ అద్దం మీద ఒక్క క్షణం నీడ పడింది. భుజానికి శాలువా కప్పుకున్నట్టు, కొంచెం వంగి ఉంది. వచ్చింది వాళ్ళ అమ్మ అనుకుంటాను. అత్తయ్యా, నీ చెవి మీద నాకు నమ్మకం లేక కాదు. ఆ నీడ నీకు చెప్పేలోపు తెర చీకటైపోయింది. తర్వాత చెప్పాలంటే మాట రాలేదు. అమ్మ సంగతి మన ఇంట్లో ఎవరం ఎత్తం కదా. ఎవరి ఊహ తప్పయితే వాళ్ళు రెండోవాళ్ళకు ఇంటర్వెల్‌లో టీ ఇప్పించాలి. నేను లేకపోతే, నా తరఫున తమ్ముడు తాగవచ్చు.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత అక్కకు అప్పగిస్తున్నాను. ఏ పనైనా చివరిదాకా చేరేవరకూ ఆమెకు నిద్రపట్టదు. డాక్టరు గారికి కృతజ్ఞతలు, ఫలితం ఏదైనా సరే.

మార్చి పదకొండో తేదీ, బుధవారం, మా ఇంటి ముందుగదిలో, పగటి వెలుతురులో సంతకం చేశాను.

(సంతకం)
గుసగుస

సాక్షులు:
1. మా లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసే ఆయన
2. కింది వాటాలో అద్దెకుండే గడియారాల రిపేరు ఆయన

ముఖ్య లబ్ధిదారుకు చూపు లేనందున, సంతకానికి ముందు ఈ పత్రం మొత్తాన్ని సాక్షుల ఎదుట తమ్ముడు ఆమెకు చదివి వినిపించాడు. ఎక్కడా తొందరపడలేదు. సోమవారం నుంచి నాకు గొంతు పూర్తిగా పోయింది.