బాయి మూస్తే బదిలీ, బజారు మూస్తే?

మంగళవారం

మా బొగ్గు గనుల పట్నంలో, తుకుం పేటలోని పెద్ద బజారు సూపర్‌మార్కెట్ ఈరోజు మూతపడింది. వార్త కోసం వెళ్లిన నాతో ఆన్‌లైన్ వ్యాపారమే కారణమన్నాడు మేనేజరు. బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసే రజిత ఒప్పుకోలేదు. "బాయి బంద్ అయింది, క్వార్టర్లు ఖాళీ అయినయ్. ఇగ కొనేటోళ్లేరి సార్?" అంది. నేను చూసినంతలో ఆమె మాటే నిజం.

అప్పట్లో ఆ బాయి, అంటే బొగ్గు గని, మూసినప్పుడు అందులో పనిచేసే ఆమె తండ్రిని ఇంకో గనికి బదిలీ చేశారు. ఇవాళ కూతురిని తీసుకెళ్లడానికి వచ్చిన ఆయన నింపాదిగా అడిగాడు: "నిన్ను ఏ దుకాణంల ఏసిండ్రు బిడ్డా?"

నాగ్‌పూర్ దుకాణానికి పోతున్నది సామాను మాత్రమే, పనివాళ్లు కాదు.

"ఆర్డర్ ఇంకా రాలే నాయినా," అంది రజిత. నేను నోట్‌బుక్ మూసేశాను.

పనివాళ్లందరినీ తీసేశారన్న నా వార్త రేపు మరాఠీ పేపర్లో వస్తుంది. రజిత తండ్రికి మరాఠీ చదవడం రాదు. కానీ చాయ్ దుకాణంలో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు...