నేను విరిచిన కాలు

1872 డిసెంబరు 7, ఎడిన్‌బరో

స్కాట్లాండ్ రగ్బీ జట్టు ఎంపిక కోసం ఇవాళ ట్రయల్ మ్యాచ్. ఇరవై మందిలో ముందుండి తోసే ఫార్వర్డ్ చోటు ఒక్కటే మిగిలింది. పోటీలో ఉన్నది ఇద్దరం. నేను, హాయిక్‌లో పిండిమర నడిపే డాండ్ లెయిడ్‌లా.

బంతి కోసం రెండు జట్లూ గుంపుగా తోసుకునే స్క్రమ్‌లో ఎదురెదురుగా తగిలాం. మొదటి తన్ను వాడిదే. నా మోకాలి కింద చర్మం లేచిపోయింది. ఏరా డాక్టరూ, కట్టు నువ్వే కట్టుకుంటావా, మీ అమ్మని పిలవమంటావా అని ఇకిలించాడు.

మళ్లీ బిగుసుకున్నప్పుడు బంతి మా దగ్గర లేదు. అది నాకు తెలుసు. బలమంతా మడమలో పెట్టి వాడి కాలి మీద తన్నాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఎముక మేజోడు చీల్చుకుని బయటికొచ్చింది.

అంపైర్లు చూడలేదు. డాండ్ చూశాడు.

డిసెంబరు 8, ఉదయం

వాణ్ణి నేను వైద్యం చదువుకునే ఆసుపత్రికే తెచ్చారు. నా వార్డుకే.

డిసెంబరు 13

కాలు నల్లబడింది. భరించలేని వాసన. మోకాలి పైన కోసెయ్యాలన్నారు సర్జన్ కార్‌ఫ్రే గారు. కాలు పట్టుకునే పని నాది.

క్లోరోఫామ్ గుడ్డ ముక్కు మీద వేసే ముందు డాండ్ నా వంక చూశాడు. గట్టిగా పట్టుకోరా, మళ్లీ తన్నేవు అన్నాడు.

రంపం ఎంతోసేపు ఆడలేదు. ఉన్నట్టుండి ఆ బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది.



డిసెంబరు 15

హాయిక్ నుంచి వాళ్లమ్మ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది. నా బిడ్డ ప్రాణం నిలబెట్టావు డాక్టరు బాబూ, నువ్వు నూరేళ్లు చల్లగా ఉండాలి అంది. నిజం చెప్పేయాలని నోరు తెరిచాను. ఈలోగా డాండ్ మంచం మీంచే, ఆయనకి బోలెడు పనుందే అమ్మా, వదిలిపెట్టవే అన్నాడు.

ఆవిడ వెళ్లాక నా చొక్కా పట్టి లాగాడు. చెప్పావంటే చంపుతాను, ఆవిడ నమ్ముకోడానికి ఒక్క డాక్టరైనా మిగలనీ అన్నాడు.

1873 ఫిబ్రవరి 10

నన్ను ఎంపిక చేశారు. డాండ్‌కి చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, నా చోట్లో ఆడుతున్నావు, పరువు తీశావో చూడు అన్నాడు.

మార్చి 3, గ్లాస్గో

ఇంగ్లండుతో మ్యాచ్. బురద. ఎవరూ గెలవలేదు.

ఇక ఎవరినీ తన్నకూడదని ఒట్టు పెట్టుకుని దిగాను. ఆ ఒట్టు పది నిమిషాలు నిలిచింది. ఒక ఎర్రజుట్టువాడు నా చెవి కొరికాడు. వాణ్ణి పడేసి డొక్కలో మోకాలితో పొడిచాను. పక్కటెముకలు రెండు విరిగి ఉంటాయి. జనం ఒకటే కేకలు. నాకు సంతోషం వేసింది. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఎట్లా? చాలా సంతోషం వేసింది.

ఆట ముగియబోతుండగా అందరం కుప్పగా పడ్డాం. అడుగున నా కుడిచెయ్యి. ఎవరిదో బూటు దాని మీద నిలబడి, గిర్రున తిరిగింది. మావాడిదే కావచ్చు.

మార్చి 19

మూడు వేళ్లు వంగవు. కత్తి పట్టలేను. సర్జన్ పని ఇక మరిచిపొమ్మన్నారు కార్‌ఫ్రే గారు. ఎడమచేత్తో రాస్తున్నాను.

1874 జనవరి 26

మళ్లీ ఇంగ్లండుతో ఆట, వచ్చే నెల లండన్‌లో. రమ్మని ఉత్తరం వచ్చింది. కొయ్యకాలికి కొలతలివ్వడానికి ఊళ్లోకి వచ్చిన డాండ్ అప్పుడు నా గదిలోనే ఉన్నాడు. ఉత్తరం లాక్కుని చదివి, వెళ్తావా అన్నాడు. వెళ్తానన్నాను.

ఊతకర్ర ఎత్తి నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి నేల మీద పడింది. వెళ్తావా అన్నాడు. వెళ్తానన్నాను. మళ్లీ కొట్టాడు. మూడోసారి అడిగినప్పుడు నెత్తురు మింగి, వెళ్లనన్నాను.

ఆ ఒక్క చెయ్యైనా మిగలనీరా అంటూ కర్ర పారేసి ఏడ్చాడు. ఒంటికాలి మీద నిలబడలేక నా మీదికే వాలిపోయాడు.

ఫిబ్రవరి 23, మధ్యాహ్నం మూడు

లండన్‌లో ఈపాటికి ఆట మొదలై ఉంటుంది. గదిలో కుర్చీని తన్నాను. విరిగేదాకా తన్నాను.