ఒత్తిగిలి పడుకున్నారు

పెదజాలారిపేట, విశాఖపట్నం,
నవంబరు 21, శుక్రవారం సాయంత్రం.

నాన్నకు,

నీ పెద్దకూతురు సాయిదుర్గ నమస్కారాలు. అమ్మ, తమ్ముడు, నేను ఇక్కడ బాగానే ఉన్నాము. అంత దూరాన వెరావల్ రేవులో నువ్వూ, నీ బోటులోని మన పేటవాళ్ళూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. మీ బోటు వేటకి వెళ్ళి పన్నెండు రోజులైందని, ఒడ్డుకి రావడానికి ఇంకో వారం పైనే పడుతుందని కోటి బావ చెప్పాడు. నీ ఫోను పలకదని తెలిసి కూడా రోజుకి రెండుసార్లు చేసి చూస్తున్నాను. బావ సోమవారం రైలుకి అక్కడికే వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తాను. నువ్వు ఒడ్డుకి రాగానే చదువు. ఒక్కడివే కూర్చుని చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న అమ్మ చెయ్యి మానింది. వాపు పూర్తిగా తీసింది. ఇంకో నాలుగు రోజులు ఆగమంటే వినకుండా చేపల బుట్ట ఎత్తుకుని మద్దిలపాలెం దాకా తిరిగి వస్తోంది. వంటింటి మీద రేకు కదిలిన చోట తమ్ముడు టార్పాలిన్ కట్టాడు. మొన్నటి వానకి కారలేదు. నా పోయిన ఉత్తరంలో 'తరంగఘోష' అన్న మాట చూసి, ఇదేదో కొత్తరకం చేప అనుకుని బోటులో అందరూ నవ్వారని రాశావు. నవ్వనీ. కాలేజీ లైబ్రరీలో దొరికిన ప్రతి మంచి మాటనీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. రాసుకున్నాక వాడకుండా ఉండలేకపోతున్నాను.

నేను చేసే పని ఏమిటో అర్థం కాలేదన్నావు. దువ్వాడలో మా నర్సింగ్ కాలేజీవాళ్ళు రెండో ఏడాది పిల్లల్ని మూడు నెలల శిక్షణకి తలా ఒక చోటికి పంపారు. నన్ను సీతమ్మధారలో 'నెమ్మది నిలయం' అనే చోట వేశారు. ఇంట్లో చూసుకునే వీలు లేని పెద్దవాళ్ళని అక్కడ ఉంచి చూస్తారు. ఇరవై ఇద్దరు ఉన్నారు. సగం మంది మంచం దిగలేరు. పగటిపూట వాళ్ళందరికీ ఇద్దరే ఆయాలు. వాళ్ళలో పెద్దావిడ సన్యాసమ్మ. పక్షవాతం వచ్చిన మనిషిని నొప్పి తెలియకుండా ఎలా లేపాలో, మింగలేనివాళ్ళకి జావ ఎలా పట్టాలో నాకు నేర్పింది ఆవిడే. మేనేజరు జగ్గారావు గారు. నా శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టాల్సింది ఆయనే.

అక్కడ అన్నిటికంటే ముఖ్యమైన పని మనుషుల్ని తిప్పడం. కదల్లేని మనిషి ఒకే పక్కన ఉండిపోతే, ఒంటి బరువు పడిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. పైకి చిన్న ఎర్రమచ్చ కనపడుతుంది, లోపల ఎముక దాకా పుండవుతుంది. ఇసకలో ఎండబెట్టిన చేపల్ని వేళకి తిరగెయ్యకపోతే పైన బాగానే ఉండి కింద ఏమవుతుందో నీకు తెలుసు కదా. మనుషుల గురించి అలాంటి పోలిక చెప్పకూడదు కానీ, నీకు వెంటనే అర్థమయ్యేది అదొక్కటే తోచింది. అందుకని రెండేసి గంటలకి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. ఏ వేళకి ఏ పక్కకి తిప్పామో పుస్తకంలో రాయాలి.

ఆ పుస్తకం రాయడం నా పని అయింది. నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని జగ్గారావు గారు మొదటి వారంలోనే దాన్ని నాకు అప్పగించారు. రోజూ సాయంత్రం పెద్దవాళ్ళ ఇళ్ళకి వాట్సాప్‌లో పంపే కబుర్లు కూడా నన్నే రాయమన్నారు. నేను కాగితం మీద రాసిస్తే ఆయన తన ఫోను నుంచి పంపుతారు. అంతకుముందు 'బాగున్నారు, తిన్నారు' అని రెండు మాటలే వెళ్ళేవట. నేను 'కిటికీలోంచి పడిన లేత ఎండని ఆస్వాదించారు' అని రాస్తే, అది చదివి ఒకావిడ కొడుకు ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

భయంగా ఉంది నాన్నా. ఎనిమిదో నంబరు మంచం మీద కామేశ్వరి గారని ఉన్నారు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆవిడకి నడుము కింద పుండు ఉంది. ఈ రోజు అది అరచేతి అంత ఉంది. అంచులు నల్లబడ్డాయి. గదిలోకి వెళ్ళగానే వాసన తెలుస్తోంది. నేను తుడుస్తుంటే కదిలే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. జ్వరంతో ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది. వచ్చే బుధవారం తనిఖీకి ఎవరో వస్తారట. వాళ్ళు వెళ్ళాకే ఆస్పత్రికి పంపుదామని జగ్గారావు గారు అన్నారు.

ఇంతకంటే ఈ రోజు రాయలేను.

నవంబరు 23, ఆదివారం.

నాన్నా, పైన రాసింది నిజమే. కానీ సగమే రాశాను. మిగతా సగం రాయకుండా ఉత్తరం మడిచి బావకి ఇచ్చేద్దామని పొద్దున్న రెండుసార్లు కవరులో పెట్టి, రెండుసార్లు బయటికి తీశాను.

ఆ పుండుని నేను మొదట చూసింది శుక్రవారం కాదు. ఈ నెల పదో తారీకున చూశాను. అప్పుడు రూపాయి బిళ్ళంతే ఉంది. కాలేజీ పుస్తకంలో చదివిందే కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. పరుపు తడిమితే ఇంకో సంగతి తెలిసింది. పుళ్ళు పడకుండా వేసే గాలి పరుపు అది. మోటారు పాడై ఎన్నాళ్ళయిందో, గాలి లేకుండా దుప్పటి కింద చప్పబడి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మాత్రం పరుపు ఉన్నట్టే కనపడుతుంది. సన్యాసమ్మని అడిగితే కళ్ళు నేలకి దించుకుంది.

"నాను తిప్పడం మానేసి ఎన్నాళ్ళయిందో నన్నడక్కమ్మా. ఇరవై రెండు మంచాలు, ఒంటికి రెండే సేతులు. ఒకరికి నోట్లో ముద్ద పెడతంటే ఇంకొకరు మంచం మీంచి జారతన్నారు. ఎవర్ని వదిలీమంటావో నువ్వే సెప్పు" అంది.

జగ్గారావు గారికి చెప్పాను. పౌడరు రాస్తే మానిపోతుందన్నారు.

"ఆల్లమ్మాయికి ఇప్పుడే సెప్పీసి కంగారు పెట్టకు. నీకు మంచి మంచి మాటలొచ్చు కదా, సల్లగా రెండు ముక్కలు రాయి" అన్నారు.

నేను రాశాను నాన్నా. ఆ సాయంత్రం ఏం రాశానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'మధ్యాహ్నం భోజనం తరువాత అమ్మగారు హాయిగా ఒత్తిగిలి పడుకున్నారు' అని రాశాను. ఒత్తిగిలడం అంటే పడుకున్న మనిషి పక్కకి తిరగడం. ముందురోజే ఒక పుస్తకంలో ఆ మాట చూసి, ఎంత మెత్తగా ఉందో అని నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. పొద్దుటినుంచి ఆవిడని ఎవ్వరూ ఏ పక్కకీ తిప్పలేదని తెలిసి, నేను కూడా తిప్పలేదని తెలిసి, ఆ మాట పెట్టి, బాగా కుదిరిందని మళ్ళీ చదువుకున్నాను. పుస్తకంలో వేళలన్నీ వేశాను. పది గంటలకి ఎడమకి, పన్నెండుకి కుడికి. అలా పన్నెండు రోజులు. మధ్యలో నేనొక్కదాన్నే ఆవిడని తిప్పబోయి, బరువు మొయ్యలేక వదిలేసిన రోజులున్నాయి. ఆ రోజులకి కూడా వేళలు వేశాను.

కామేశ్వరి గారికి ఒక్కతే కూతురు, నీలిమ గారు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. మొదట్లో ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి, దుప్పటి ఎత్తి, వాళ్ళమ్మ వీపు చూసేవారు. నా కబుర్లు మొదలయ్యాక రావడం తగ్గింది. అక్టోబరు చివర్లో వచ్చినప్పుడు, "రాస్తున్నది నువ్వేనా? రోజూ అది చదువుకునే పడుకుంటున్నాను" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. దుప్పటి ఎత్తి చూడకుండానే వెళ్ళారు. ఆవిడ చూడకుండా చేసింది జగ్గారావు గారు కాదు. నేనే.

నిన్న శనివారం పొద్దున్న వెళ్ళేసరికి కామేశ్వరి గారు కళ్ళు తెరవలేదు. తుడుస్తున్నప్పుడు నా మణికట్టు పట్టుకోలేదు. ఆ ఎడమచెయ్యి నేనే ఎత్తి నా చేతిలో పెట్టుకున్నాను, జారిపోయింది. అప్పుడు నాకు పుట్టిన భయం ఇంతకుముందు ఎప్పుడూ ఎరగను. తుఫాను రోజు నీ బోటు కనపడనప్పుడు కూడా ఇంత భయం లేదు. అప్పుడు నా తప్పేం లేదు కదా.

చేర్చుకున్నప్పటి కాగితాల్లో నీలిమ గారి నంబరు చూసి, బట్టలారేసే మేడ మీదికి వెళ్ళి ఫోను చేశాను. "మీ అమ్మగారికి పుండు పడింది. జ్వరం. మీరు వెంటనే రండి" అన్నాను. కిందికి దిగేసరికి జగ్గారావు గారు మెట్ల దగ్గర ఉన్నారు. విన్నారు.

"పుస్తకం నిండా నీ అచ్చరాలేనమ్మా. నా సేతిరాత ఒక్క ముక్క ఎక్కడుందో సూపించు. ఇరుక్కుంటే ఎవులిరుక్కుంటారు?" అన్నారు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నారు. తరవాత, "నువ్వు సూడనేదని సెప్పు. ఆయాలు సెప్పింది రాసీసేనని సెప్పు. సిన్నపిల్లవి, వదిలేత్తారు" అన్నారు.

నీలిమ గారు గంటలోపే వచ్చారు, డ్యూటీ బట్టల్లోనే. నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి ఎత్తారు. చాలాసేపు చూశారు. నా వైపు తిరిగి ఒక్కటే అడిగారు.

"నువ్వు ఇది చూసి రాశావా, చూడకుండా రాశావా?"

సన్యాసమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జగ్గారావు గారు నా వెనక ఉన్నారు. చూడలేదంటే నేను గట్టెక్కుతాను, సన్యాసమ్మ మునిగిపోతుంది.

"చూసే రాశానండి" అన్నాను.

అంబులెన్సు వచ్చాక నీలిమ గారు, "ఎక్కు. వీపు కింద ఆనకుండా పట్టుకో" అన్నారు. ఆస్పత్రి దాకా కామేశ్వరి గారిని పక్కకి తిప్పి రెండు చేతులతో అలాగే పట్టుకున్నాను. రోడ్డు గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా నా భుజం ఆవిడకి ఆనించాను. దారంతా నీలిమ గారు నా మొహం చూడలేదు.

విషం రక్తంలోకి ఎక్కిందని డాక్టరు చెప్పారు. మూడు రోజులు గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేమన్నారు. రేపు పది గంటలకి వేళల పుస్తకంతో సహా రమ్మని, సంగతి తెలిసిన కాలేజీ ప్రిన్సిపాల్ గారు కబురు పెట్టారు. చదువు మాన్పిస్తారేమో తెలియదు. పోలీసులు వస్తారేమో కూడా తెలియదు. అమ్మకి నిన్న రాత్రే అంతా చెప్పాను. తిట్టలేదు, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. రేపు బుట్ట దింపేసి నాతో దువ్వాడ వస్తానంది. ఈ మాట పేటలో ఎవరి నోటో నీదాకా రాకముందే నేను చెప్పాలని రాస్తున్నాను. నువ్వు కోప్పడితే పడతాను. కానీ ఆవిడ బతకాలని అక్కడి నుంచే ఒకసారి దణ్ణం పెట్టు.

ఇది రాస్తుండగా నీలిమ గారి నుంచి మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు. 'పుండు మొదట ఎప్పుడు చూశావు? ఎంత ఉంది? డాక్టరుకి తెలియాలట. సరిగ్గా రాయి' అని ఉంది.

నేనిచ్చే జవాబు ఆవిడ దగ్గర ఉండిపోతుంది నాన్నా. రేపు కాలేజీలో దాన్నే నా ఎదుట పెట్టి అడగొచ్చు. 'నవంబరు 10, సోమవారం. మధ్యాహ్నం రెండు గంటలకి. రూపాయి బిళ్ళంత. ఆ రోజు ఎవరూ తిప్పలేదు. గాలి పరుపు పనిచెయ్యడం లేదు' అని రాశాను. కింద 'క్షమించండి' అని ఒక్క మాట రాయాలనిపించింది. రాసి, చెరిపేసి, మిగతాది పంపించాను.

ఆవిడ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు,
నువ్వు ఒడ్డుకి వచ్చేదాకా రోజూ ఫోను చేస్తూనే ఉండే
నీ పెద్దమ్మాయి,
సాయిదుర్గ