ఇస్తారి కాక చేతులు

మేడ్చల్,
2003 జూన్.

పాస్టరయ్యగారికి వందనాలు.

ఈ ఆదివారం నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఇనుము పోత పోసే మా షెడ్డులో కరిగిన ఇనుము ఎగిసిపడినా నాకు బొబ్బ కూడా రాలేదని, దేవుడు తన రెక్కల కింద దాచాడని చెప్పమన్నారు. అట్లా చెప్పను. మీకు కోపమొస్తే రానీయండి, నాకు అంతకంటే ఎక్కువే ఉంది.

ఆ రెక్కలను నేను కళ్లారా చూశాను అయ్యగారూ. నన్ను గోడకు నెట్టి, రెండు చేతులు చాపి అడ్డం నిలబడింది నాతో పనిచేసే ఇస్తారి కాక. గండిమైసమ్మకు బోనమెత్తే ఇంటివాడు, మన మందిరం మెట్టు ఎక్కనివాడు. ఇనుమంతా ఆయన వీపు మీదే పడింది.

నిన్న పెద్దాసుపత్రిలో బోర్లా పడుకొని ఉన్న కాక నన్ను అడిగాడు. "నీకేం గాలె గదరా?"

"నాకేం గాలె కాకా. నువ్వెందుకు అడ్డమొచ్చినవ్?"

"నీ పెండ్లిల తినాలె గదా" అని నవ్వాడు. మళ్లీ మెల్లగా అన్నాడు. "ఏమోరా, నాకు ఎర్కనే లేదు. చేతులే లేసినయ్."

ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను నేను ఒకటే అడుగుతున్నాను. ఆ చేతుల్ని ఎవరు లేపారు? దేవుడే అయితే, ఆయన పేరు పక్కన ఇస్తారి పేరు కూడా మన మందిరంలో వినబడాలి. అప్పుడే సాక్ష్యం చెబుతాను.

ముందు మీరు నూనె బుడ్డి పట్టుకొని ఆసుపత్రికి రండి. కాక నుదుటికి రాసి, బతకాలని ప్రార్థన చేయండి. మతం సంగతి మాత్రం ఎత్తొద్దు. వార్డు బయట చెప్పులు విడవండి. అక్కడ విడవమని ఎవరూ చెప్పరు. నేను మాత్రం విడిచే లోపలికి పోతున్నాను.

మీ సంఘపు బిడ్డ