నాలుగో సంతకం రద్దు చేయవలసిందిగా

పాఠశాలల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
రియాద్.

అర్జీదారు: బొల్లం నాగేందర్, తండ్రి కీ.శే. అంజన్న, స్వస్థలం జగిత్యాల జిల్లా, ప్రస్తుతం బురైదాకు డెబ్బై కిలోమీటర్ల దూరంలోని పట్టణంలో, ఆస్పత్రి ఏసీ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, ఇక్కడి భారతీయ పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడు.

విషయం: నలుగురు పిల్లల పేర్లను పదో తరగతి పరీక్షలకు పంపకుండా ఆపిన మా కమిటీ తీర్మానం మీద నేను చేసిన సంతకమును రద్దుపరచి, ఆ పేర్లను ఈ నెల ముప్పైలోగా బోర్డుకు పంపించుట గురించి.

అయ్యా,

పై విషయమై తమ సముఖమునకు సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, ఈ అర్జీని తెలుగులో రాస్తున్నందుకు ముందుగా మన్నించాలి. ఇంగ్లీషులో అయితే గుమాస్తా చేత రాయించుకోవాలి. ఈ పట్టణంలో మనవాళ్లకు అర్జీలు రాసిపెట్టే గుమాస్తా ఒక్కడే, అతను మా స్కూలు గుమాస్తాయే. పైగా తమరు తెలుగువారని తెలిసింది. ఇందులో ఉన్న సంగతి నాకు తెలుగులో తప్ప చెప్పుకోవడానికి నోరు రాదు.

1. మా పాఠశాలలో రెండువందల పద్నాలుగు మంది పిల్లలు. ఖర్జూర తోటల పక్కన రెండంతస్తుల అద్దె ఇల్లే బడి. దాని పాలన చూసేది తల్లిదండ్రులు ఓట్లేసి ఎన్నుకున్న ఏడుగురు సభ్యుల కమిటీ. ఏడుగురిలో ఒకరికి ధహ్రాన్ బదిలీ అయింది, ఒకరు ఉద్యోగం వదిలి ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయారు, ఒకరు సెలవుకు పోయి తిరిగి రాలేదు. ఖాళీలు నింపే ఎన్నిక జరగలేదు. ఏ తీర్మానానికైనా నాలుగు సంతకాలు కావాలన్నది నియమం. మిగిలింది నలుగురమే కనుక ఏ ఒక్కరు కలం పక్కన పెట్టినా తీర్మానం ఆగిపోతుంది. ఇది తమరు దయచేసి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ నాలుగో సంతకం నాది.

డిగ్రీ లేనివారు కమిటీకి పోటీ చేయరాదు. డ్రైవర్లు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఫీజు కట్టవచ్చును గానీ నిలబడరాదు. నేను దూరవిద్యలో బీఏ చేసి ఉన్నందున, "మనోడు ఒకడన్న లోపల ఉండాలె" అని వాళ్లంతా నాకు ఓటు వేశారు. అరవై ఒక్క ఓట్లు వచ్చాయి. ఆ రోజు మా ఇంట్లో అందరికీ చాయ్ పోసి నేను చేసిన ఉపన్యాసం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

2. తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పే మాస్టారు ఏప్రిల్‌లో ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయారు. సెప్టెంబరు పరీక్షల దాకా ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ఆటల మాస్టారు లెక్కల పుస్తకం పట్టుకుని తరగతికి వెళ్లేవారు. ఆయన మంచివారు. తనకు రాని లెక్క వస్తే రాదని పిల్లల ముందే ఒప్పుకునేవారు.

ఈ మధ్యకాలంలో కమిటీ మూడుసార్లు సమావేశమైంది. మొదటిసారి గేటు మీది ఫ్లెక్సీ మార్చడం గురించి, రెండోసారి దాని రంగు గురించి, మూడోసారి దాని మీద ఎవరి ఫోటోలు ఉండాలన్న దాని గురించి చర్చ జరిగింది. లెక్కల మాస్టారి నియామకం ఎదుట మూడు మినిట్స్‌లోనూ "వచ్చే సమావేశంలో చర్చించబడును" అని రాసి ఉంది. మూడింటి కిందా నా సంతకం ఉంది. ఫ్లెక్సీ మీద ఫోటో కూడా ఉంది.

3. ఆ ఫ్లెక్సీ మీద "వరుసగా ఐదో ఏడు వంద శాతం ఉత్తీర్ణత" అని పెద్ద అక్షరాలతో ఉన్నది. అది అబద్ధం కాదు. పరీక్షకు పంపినవాళ్లంతా పాసయ్యారు. తప్పుతారేమోనన్న అనుమానం ఉన్నవాళ్లను అసలు పంపరు. "మీ వాడికి ఇక్కడి చదువు సరిపడటం లేదు" అని ఇంటికి పిలిచి చెప్పి, టీసీ చేతిలో పెడతారు. నిరుడు ఇద్దరు అలా పోయారు. వాళ్ల పేర్లు కూడా నాకు గుర్తులేవు.

4. ఈ నెల పన్నెండున జరిగిన సమావేశం గురించి వివరంగా రాయక తప్పదు.

చైర్మన్ ఇమ్రాన్ సాహెబ్ ఒక కంపెనీలో ఇంజనీరు. గట్టిగా మాట్లాడరు, కోపం తెచ్చుకోరు. ఆయన ఒక కాగితం మధ్యలో పెట్టారు. లెక్కల్లో నూటికి నలభై కంటే తక్కువ వచ్చిన పదో తరగతి పిల్లల జాబితా అది. జాబితాలో పేర్లు ఉండవు, అడ్మిషన్ నంబర్లే ఉంటాయి. సిఫారసులు, మొహమాటాలు ఉండకూడదని రెండేళ్ల కిందట పెట్టిన పద్ధతి. నేను కమిటీలోకి వచ్చాక ఈ పద్ధతిని మెచ్చుకుని మాట్లాడాను కూడా.

ఐదు నంబర్లు ఉన్నాయి. మిగతా ముగ్గురు సభ్యులకు అవి ఉత్త అంకెలు. అందులో ఒకటి 1147. అది నా కూతురు పుష్పది. తొమ్మిదేళ్లుగా ప్రతి ఫారం మీదా నా చేత్తో రాసిన నంబరు. దాని ఎదుట ముప్పై ఎనిమిది మార్కులు ఉన్నాయి.

బోర్డు లెక్కన ముప్పైమూడు వస్తే పాసు. నలభై అన్నది మా కమిటీ సొంతంగా గీసుకున్న గీత. ఆ మాట నేను అప్పుడు అడగవలసింది. గీతే వద్దనవలసింది. మాస్టారే లేని సబ్జెక్టులో పిల్లలను ఎట్లా తప్పుపడతామని అడగవలసింది. ఇవేమీ అడగలేదు. లేచి నిలబడి మానవత్వం గురించి పది నిమిషాలు మాట్లాడి, గీతను ముప్పై ఎనిమిదికి దించుదామని ప్రతిపాదించాను.

ఇమ్రాన్ సాహెబ్ నా వైపు చూసి, "ముప్పై ఐదు ఎందుకు కాదు నాగేందర్ భాయ్? అడ్తీస్ హీ క్యోఁ, ముప్పై ఎనిమిదే ఎందుకు?" అని అడిగారు.

ఆయన కాసేపు ఆ కాగితం చూశారు, తర్వాత నన్ను చూశారు. "ఠీక్ హై, అడ్తీస్," అని కలం నా వైపు జరిపారు. ఆయనకు అర్థమైందనే నా నమ్మకం. నేను సంతకం చేశాను. ఐదింటిలో ఒక్క నంబరు బయటపడింది. నాలుగు మిగిలాయి. వాటి మార్కులు ముప్పై ఏడు, ముప్పై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. బోర్డు లెక్కన వీళ్లలో ఇద్దరు పాసైనట్టే.

తీర్మానంలో "సభ్యులు శ్రీ నాగేందర్ గారి మానవతా దృక్పథాన్ని కమిటీ అభినందించినది" అని రాశారు. తమరు రికార్డు తెప్పించుకుంటే కనబడుతుంది.

5. ముప్పై ఏడు మార్కుల నంబరు ఎవరిదో మరునాడు తెలిసింది. మా బిల్డింగులోనే పై అంతస్తులో ఉండే సుజిత సిస్టర్ కూతురు మణిది. సుజిత సిస్టర్‌ది కాకినాడ దగ్గర. మా ఆస్పత్రిలోనే నర్సు. భర్త లేరు. ఇక్కడ ఆ తల్లీకూతుళ్లు ఇద్దరే. పుష్ప, మణి చిన్న తరగతి నుంచీ ఒకే బెంచీ.

ఇప్పుడు టీసీ ఇస్తే మణికి ఈ ఏడు పోయినట్టే. చుట్టుపక్కల వేరే భారతీయ బడి లేదు. మన దేశంలో పదో తరగతిలో ఏడాది మధ్యలో చేర్చుకోరు. పిల్లను ఒంటరిగా హాస్టల్‌కు పంపి తల్లి ఇక్కడ ఉండాలి, లేదా ఉద్యోగం మానేసి ఇద్దరూ వెళ్లిపోవాలి. ఆ ఇంటికి ఆధారం ఆ ఉద్యోగమే.

ఆ సాయంత్రమే సిస్టర్ డ్యూటీ నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"అన్నా, మీరు కమిటీలో ఉన్నారు గదండీ. మణి సంగతి ఓ మాట చెప్పండన్నా. ఆ రోజు జ్వరంతో రాసిందండీ పిల్ల. నేను నైట్ డ్యూటీలో ఉండిపోయాను, చూసుకోలేకపోయాను."

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మాట్లాడిన సిస్టర్. మస్తు కొట్లాడిన. వాళ్లు ఇనలే."

సిస్టర్ నమ్మారు. ఎందుకు నమ్మరు? శుక్రవారం నాడు కేకు ముక్కలు పళ్లెంలో పెట్టుకుని మళ్లీ వచ్చారు. "మా ప్రేయర్‌లో మీ పేరు చెప్పుకున్నామన్నా. మా తరఫున మాట్లాడింది మీరొక్కరేనంట గదా," అన్నారు. పళ్లెం తీసుకున్నాను. ఆ కేకు మా ఇంట్లో ఎవరమూ తినలేదు. పుష్పకు అప్పటికే ఏదో అనుమానం వచ్చింది.

"నాన్నా, మణికి నాకంటె లెక్కలు మంచిగొస్తయి. నాకు నేర్పిందే అది. నేనెట్ల ఉన్న, అదెట్ల పోయింది?" అని అడిగింది. పదిహేనేళ్ల పిల్ల. జరిగింది చెప్పాను. అప్పటి నుంచి ఆ పిల్ల నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

6. ఈ అర్జీ రాయవద్దని నా భార్య గట్టిగా చెప్పింది. "నిజం చెప్తే మన పిల్ల పేరు గూడ తీసేస్తరు. ఆ చైర్మన్ ఊకుంటడా? నీకు తెలివున్నదా లేదా?" అని ఏడ్చింది. ఆమె అన్నది తప్పని నేను అనలేను. నాకూ భయంగానే ఉంది. పదకొండు రోజుల నుంచి ఆస్పత్రి మెట్ల మీద సిస్టర్ ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకుంటున్నాను. అరవై ఒక్క మంది నమ్మి లోపలికి పంపితే నేను చేసింది నా ఒక్క బిడ్డను కాపాడుకోవడం. అది కూడా పై అంతస్తు బిడ్డను తోసేసి.

కావున తమరిని ప్రార్థించునది:

(అ) సదరు తీర్మానంపై నా సంతకం స్వార్థంతో చేసినదని ఇందుమూలంగా ఒప్పుకొనుచున్నాను. దానిని రద్దుపరచవలెను. అది పోతే మూడే మిగులును గనుక తీర్మానం నిలవదు.

(ఆ) మాస్టారు లేని సబ్జెక్టులో వచ్చిన మార్కులను బట్టి ఎవరినీ ఆపరాదని ఉత్తర్వు చేసి, నలుగురి పేర్లనూ ముప్పైలోగా బోర్డుకు పంపించవలెను.

(ఇ) ఒకవేళ తమరు నలభై గీతే సరియైనదని భావించిన యెడల, ఆ గీత అందరికీ ఒక్కటే కావలెను. అప్పుడు అడ్మిషన్ నంబరు 1147 ను కూడా బోర్డుకు పంపే జాబితా నుంచి తీసివేయవలెను.

(ఈ) నన్ను కమిటీ నుంచి తొలగించవలెను. రాజీనామా రాయవచ్చును గానీ, ముందుగా రాజీనామా చేస్తే సంతకం వెనక్కి తీసుకునే హక్కు పోతుందేమోనని భయపడి ఆగాను. నాకు నియమాలు అంతగా తెలియవు. తెలుసని ఓట్లు అడిగాను.

(ఉ) లెక్కల మాస్టారిని వేయించవలెను. ఇది మొదటే రాయవలసింది.

నేను చేసినదానికి పిల్లలు నష్టపోకుండా, ఈ నెల ముప్పై దాటకముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
బొల్లం నాగేందర్
తేది: సెప్టెంబరు 24

తాజా కలం: సార్, ఈ అర్జీని కవరులో పెట్టేముందు పైకి తీసుకెళ్లి సిస్టర్ చేతికి ఇచ్చాను. ఆమెకు తెలియకుండా ఆమె సంగతి తమకు రాయడం కూడా ఇంకో మోసమేననిపించింది. ఆమె గుమ్మంలో నిలబడే మొత్తం చదివారు. కూర్చోమనలేదు. "మేం ప్రేయర్ చేసుకున్నామని చెప్పినప్పుడు మీకివన్నీ తెలుసాండీ?" అని అడిగారు. తెలుసన్నాను. తర్వాత లోపలికి వెళ్లి పెన్ను తెచ్చుకుని, (ఇ) లో నా బిడ్డ నంబరు ఉన్న వాక్యం మీద అడ్డంగా గీత గీసేశారు. "పిల్లేం చేసిందండీ?" అని కాగితం నా చేతిలో పెట్టి తలుపు వేసుకున్నారు. ఆ కొట్టివేత నాది కాదు, ఆమెది. కొట్టివేతలున్న అర్జీ చెల్లదని మాత్రం తిప్పి పంపకండి. మళ్లీ శుభ్రంగా రాద్దామని కూర్చున్నాను గానీ, నా చెయ్యి ఆ వాక్యం దగ్గరే ఆగిపోతోంది సార్. రాయలేను, వదిలేయలేను. ముప్పైకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.